ఆటలో పెద్దమనిషి

1997 ఆగస్టు నెల. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఆరిజిన్ సిస్టమ్స్ అనే కంపెనీ ‘అల్టిమా ఆన్‌లైన్’ అనే కంప్యూటర్ ఆటను తయారుచేసి, బజారులోకి వదిలే ముందు ఆఖరి పరీక్షలు జరుపుతోంది. వేలమంది ఒక్కసారిగా లోపలికి వచ్చిపడితే సర్వర్లు తట్టుకుంటాయా లేదా అన్నది ఆ పరీక్ష. ఆటలో ఉన్న రాజ్యం పేరు బ్రిటానియా. దాని రాజు లార్డ్ బ్రిటిష్. ఆ వేషం కట్టింది ఆట సృష్టికర్త రిచర్డ్ గ్యారియట్ స్వయంగా. రాజుగారు కోటలో ప్రజలకు దర్శనమిస్తున్నారు. కింద జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ గుంపులో రెయిన్జ్ అనే పేరుతో ఆడుతున్నవాడొకడు, పక్కవాడి సంచిలోంచి కొట్టేసిన మంత్రపత్రం తీసి రాజు మీద మంట రాజేశాడు. దానివల్ల ఏమీ కాకూడదు. రాజుకు చావు లేదు, ఆ ఏర్పాటు ప్రోగ్రాములోనే ఉంది. కానీ అంతకు కాసేపటి ముందే సర్వర్ ఒకసారి కూలింది. మళ్లీ లోపలికి వచ్చిన గ్యారియట్, చావు లేకుండా కాపాడే ఆ ఏర్పాటును తిరిగి ఆన్ చేయడం మరిచిపోయారు. రాజు నిలుచున్నచోటే కుప్పకూలాడు.

ఆన్‌లైన్ ఆటల చరిత్ర చెప్పేవాళ్లు ఈ ముచ్చటను వదిలిపెట్టరు. నవ్వుకోవడానికి బాగుంటుంది మరి. నాకు మాత్రం రాజు చావు కన్నా ఆ తర్వాత జరిగింది ముఖ్యమనిపిస్తుంది. కంపెనీ మనుషులు గుంపు మీదికి రాక్షసుల్ని వదిలారు. మంట పెట్టింది ఎవరో తేలకముందే, రాజును చూద్దామని వచ్చిన అమాయకులు చచ్చారు. తర్వాత రెయిన్జ్‌ను పరీక్షల నుంచి వెళ్లగొట్టారు. రాజును చంపినందుకు కాదు, అంతకుముందు ఆటలోని లోపాల్ని దుర్వినియోగం చేశాడని ఫిర్యాదులున్నాయి, అందుకేనని సంజాయిషీ ఇచ్చారు. నమ్మినవాళ్లు నమ్మారు. ఆ సాయంత్రం కంపెనీ చేతిలో సర్వశక్తులూ ఉన్నాయి, తీర్పు చెప్పగల మనిషే లేడు.

ఆ మనిషి గురించే ఇవాళ నా ప్రసంగం. ఆన్‌లైన్ ఆటల్లో అతన్ని గేమ్ మాస్టర్ అంటారు. ఆడేవాళ్లు ముద్దుగానో విసుగుగానో జీఎం అంటారు.

ఈ ఆటల సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే వేషం కట్టి ఆడే ఆట. మీరొక యోధుడో మంత్రగత్తెనో అవుతారు. ఆన్‌లైన్‌లో అయితే మీలాంటివాళ్లు వేలమంది అదే లోకంలో ఉంటారు. మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది. అక్కడ సంతలున్నాయి, ఇళ్లున్నాయి, ముఠాలున్నాయి, దొంగలున్నారు. చాలా ఆటలకు నెలనెలా చందా కట్టాలి. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆటకు నెలకు పదిహేను డాలర్లు. 2010లో ఆ ఆటకు కోటీ ఇరవై లక్షల మంది చందాదార్లు ఉండేవారు. అంతమంది ఒకచోట చేరితే తగాదాలు రాకుండా ఉంటాయా? ఆ తగాదాల మధ్యకు కంపెనీ తరఫున వచ్చేవాడే గేమ్ మాస్టర్. అతను ఎవరికీ కనబడకుండా తిరగగలడు, గోడల్లోంచి నడవగలడు, ఒక్క ఆజ్ఞతో మిమ్మల్ని కదలకుండా నిలబెట్టగలడు, జైల్లో వేయగలడు, ఆట నుంచి శాశ్వతంగా గెంటేయగలడు. లేని వస్తువును పుట్టించగలడు కూడా.

ఇతను కంప్యూటర్లతో పుట్టినవాడు కాడు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి యుద్ధవిద్య నేర్పడానికి ఒక బల్ల ఆట తయారుచేశాడు. పటం మీద దిమ్మెలు జరుపుతూ అధికారులు రెండు పక్షాలుగా ఆడేవారు. ఎవరి సైన్యం ఎవరికి కనబడుతుంది, ఎంతమంది పడిపోయారు అన్నది చెప్పడానికి మధ్యన ఒక అంపైర్ ఉండేవాడు. నిబంధనల పుస్తకం నానాటికీ లావెక్కింది. ప్రతి దెబ్బకూ పాచిక, ప్రతి పాచికకూ పట్టిక. చివరికి 1876లో వెర్డీ దు వెర్న్వా అనే మరో ప్రష్యన్ అధికారి విసుగెత్తి, ఈ పట్టికలన్నీ పక్కన పెట్టండి, యుద్ధం చూసిన మనిషిని అంపైర్‌గా కూర్చోబెట్టండి, అతను చెప్పిందే ఫలితం అన్నాడు. లోకంలోకెల్లా నిబంధనలంటే ప్రాణమిచ్చే సైన్యం, నిబంధనలతో అన్నీ తేలవని అలా ఒప్పుకుంది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. వేషం కట్టి ఆడే ఆటలన్నిటికీ మూలం అదే. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్. మీ ముందు గుహ ఉంది, లోపల్నుంచి ఏదో చప్పుడు వినిపిస్తోంది అని ఆయన చెబుతాడు. మిగతావాళ్లు, మేం ఇలా చేస్తాం అంటారు. కథ చెప్పేదీ, రాక్షసుడి తరఫున మాట్లాడేదీ, పాచిక పడ్డాక ఫలితం ప్రకటించేదీ ఆయనే. అన్నిటికీ మించి, ఎదుటివాడి మొహం ఆయనకు కనిపిస్తుంది. ఎవరు అలిగారో, ఎవరు మరీ రెచ్చిపోతున్నారో తెలుస్తుంది. పుస్తకంలో ఏమున్నా సరే, ఈసారికి ఇలా పోనిద్దాం అనే అధికారం ఆయనకుంది.

ఆట కంప్యూటర్‌లోకి వెళ్లాక ఆ పెద్దమనిషి పనులు చెదిరిపోయాయి. పాచికలు యంత్రం తీసుకుంది. కథను కంపెనీలో జీతానికి రాసే రచయితలు తీసుకున్నారు. రాక్షసులు ప్రోగ్రాములయ్యారు. యంత్రానికి అప్పజెప్పడానికి వీల్లేనిది ఒకటే మిగిలింది: ఇద్దరు మనుషులు కొట్టుకుంటున్నప్పుడు ఎవరిది న్యాయమో చూడటం.

ఈ సంగతి మొదట తెలిసొచ్చింది బొమ్మలు కూడా లేని, ఉత్త అక్షరాలతో నడిచే ఆటల్లో. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు మడ్ అనే ఆట రాశారు. పదిమంది కలిసి ఒకే లోకంలో తిరిగే ఆటల్లో తొలితరానిది అది. అందులో తగినన్ని పాయింట్లు సంపాదించినవాడు ‘విజర్డ్’ అయ్యేవాడు. విజర్డ్ అయ్యాక ఇక గెలవాల్సింది ఏమీ ఉండదు. మిగతావాళ్లను గమనించడం, ఆట పట్టించడం, అవసరమైతే చంపేయడం అతని చేతిలో పని. అంటే, ఆటలో ఆరితేరినవాడికే అధికారం. చిన్న సంఘంలో అది చెల్లింది. బాగా ఆడగలగడం వేరు, న్యాయం చెప్పగలగడం వేరు అన్నది తర్వాత తెలిసింది.

1990లో పావెల్ కర్టిస్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో లాంబ్డామూ అనే లోకాన్ని తెరిచాడు. అదీ అక్షరాల లోకమే. అందులో పెద్ద అధికారులను విజర్డ్‌లనే అనేవారు. నానా తగాదాలూ తమ దగ్గరికి వస్తుంటే విసిగిపోయి, 1992 డిసెంబరులో కర్టిస్ ఒక ప్రకటన చేశాడు. ఇకనుంచి మేం యంత్రం పాడైతే బాగుచేస్తాం, అంతే, మీ గొడవలు మీరే తీర్చుకోండి, మీరు పెద్దవాళ్లయ్యారు అని దాని సారాంశం. మూడు నెలలు తిరిగేసరికి పరీక్ష ఎదురైంది. మిస్టర్ బంగిల్ అనే వేషం కట్టినవాడొకడు, అందరూ కూర్చునే గదిలో, ఇతరుల పాత్రల చేత అవి చేయని అసభ్యమైన పనులు చేసినట్టుగా తెర మీద రాయిస్తూ పోయాడు. రాతలే కదా అని తీసిపారేయకండి. ఆ పాత్రల్లో ఒకదాని వెనక ఉన్న ఆడమనిషి నిజంగా ఏడ్చింది. మర్నాటి నుంచి లాంబ్డామూ అంతా అదే చర్చ. వాణ్ని వెళ్లగొట్టాలా వద్దా? ఎవరు వెళ్లగొట్టాలి? ఏ చట్టం ప్రకారం? పెద్ద సమావేశం పెట్టి గంటల తరబడి మాట్లాడుకున్నారు. మనకు అలవాటైన సమావేశమే, ఏమీ తేలకుండానే ముగిసింది. ఆ తర్వాత ఒక విజర్డ్, ఎవరినీ అడక్కుండా, తనంతట తానే బంగిల్ పాత్రను చెరిపేశాడు.

చెరిపేయడం సబబే అని నేనంటాను. కానీ అలా ఒక్కడు తనకు తోచినట్టు చెరిపేయడం సబబు కాదని అక్కడివాళ్లు పట్టుబట్టారు. దాంతో కర్టిస్ కొత్త పద్ధతి తెచ్చాడు: ఆడేవాళ్లే అర్జీ పెట్టవచ్చు, ఓటు వేయవచ్చు, ఓటు నెగ్గితే విజర్డ్‌లు అమలు చేస్తారు. అదైనా నిలబడిందా? 1996లో కర్టిస్ మరో ప్రకటన చేయాల్సి వచ్చింది. సామాజిక నిర్ణయాలకు దూరంగా ఉంటామన్న మా మాట మొదటి నుంచీ సాధ్యమయ్యేది కాదు, మళ్లీ ఆ బాధ్యత మేమే తీసుకుంటున్నాం అని. మీట ఎవరి చేతిలో ఉందో, దాన్ని నొక్కకపోవడం కూడా వాళ్ల తీర్పే అవుతుంది. మూడేళ్లకు పైగా తంటాలు పడి నేర్చుకున్న ఈ పాఠాన్ని తర్వాత వచ్చిన కంపెనీలు ఒక్కటీ చదివినట్టు కనబడదు.

ఇక డబ్బు వచ్చి చేరిన కాలానికి వద్దాం. అల్టిమా ఆన్‌లైన్ అమ్మకానికి వచ్చాక అందులో గేమ్ మాస్టర్లు ఎర్ర అంగీలు తొడుక్కుని కనిపించేవారు. వాళ్ల కింద నీలం అంగీల కౌన్సిలర్లు. ఆటగాడు సాయం కోరితే వరుసలో అతని పేరు చేరుతుంది. అతని వంతు వచ్చేసరికి ఎర్ర అంగీ ఎదుట ప్రత్యక్షమవుతుంది. చెప్పండి, ఏమిటి సమస్య అంటుంది. గోడలో ఇరుక్కుపోయాననీ, నా ఇంటి తాళంచెవి కాజేశారనీ, ఫలానావాడు బూతులు తిడుతున్నాడనీ రకరకాలు.

1999లో శాండియాగో నుంచి ‘ఎవర్‌క్వెస్ట్’ వచ్చింది. అందులో గేమ్ మాస్టర్‌కు కబురు పెట్టే ఆజ్ఞ పేరు పిటిషన్. ఆ పిటిషన్లు ఎలా ఉండేవో ఒకటి చూద్దాం. ఆ రోజుల ఎవర్‌క్వెస్ట్‌లో మీరు చచ్చిపోతే మళ్లీ పుడతారు గానీ, మీ కత్తి, డాలు, కవచం, మూటాముల్లె అన్నీ శవం మీదే ఉండిపోతాయి. ఆ శవం మీరు చచ్చిన గుహలోనే పడి ఉంటుంది. మీరు ఉత్తచేతులతో, మిమ్మల్ని చంపిన రాక్షసుల మధ్యలోంచే దొంగచాటుగా పోయి, మీ శవాన్ని మీరే వెతుక్కుని సామాను తీసుకోవాలి. గడువులోగా తీసుకోకపోతే శవం కుళ్లి మాయమవుతుంది, దానితోపాటు నెలల కష్టం. ఇప్పుడు ఆ శవం ప్రోగ్రాములో ఏదో లోపం వల్ల నేల కిందికి జారిపోయిందనుకోండి. కంటికి కనబడదు, చేతికి అందదు. అర్ధరాత్రి. తెల్లారితే ఆఫీసు. పిటిషన్ పెట్టి కూర్చుంటారు. గంటకో రెండు గంటలకో ఒక సందేశం వస్తుంది: నమస్కారం, నేను గేమ్ మాస్టర్‌ని, మీ శవం ఎక్కడ పోయింది? ఒక్క ఆజ్ఞతో శవం మీ కాళ్ల దగ్గరికి వస్తుంది. ఆ క్షణంలో ఆటగాడికి కలిగే సంతోషం పెద్ద రాక్షసుణ్ని చంపినా కలగదు.

ఇది తేలిక రకం పిటిషన్. కష్టమైనది వేరే ఉంది. మంచి సామాను వదిలే రాక్షసుడు వారానికోసారి పుడతాడు. వాడి కోసం రెండు ముఠాలు కాపలా కాస్తుంటాయి. మేం ముందొచ్చామంటే మేం ముందొచ్చామని. అక్కడికి వచ్చిన గేమ్ మాస్టర్, రచ్చబండ మీద నీళ్ల తగాదా తీర్చే పెద్దమనిషిలాగా, ఈ వారం మీది, వచ్చే వారం వాళ్లది అని వంతులు వేసి పోయేవాడు. యంత్రం దృష్టిలో ఎక్కువ దెబ్బలు కొట్టి చంపినవాళ్లదే సొత్తు. వంతు అన్న ఆలోచన యంత్రానికి లేదు.

ఇంత పని చేసేవాళ్లకు జీతమెంత అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. గేమ్ మాస్టర్లు జీతగాళ్లు. వాళ్ల కింద భారం మోసిన అల్టిమా కౌన్సిలర్లు, ఎవర్‌క్వెస్ట్‌లో అలాంటి పనే చేసిన గైడ్లు స్వచ్ఛంద సేవకులు. వాళ్లకు దక్కేది చందా లేకుండా ఆడుకునే అవకాశం. అయితే వాళ్లకు డ్యూటీ వేళలు ఉన్నాయి, పైన అజమాయిషీ ఉంది, రిపోర్టులు రాయాలి. 1999లో అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ కంపెనీ మీద దాని స్వచ్ఛంద సేవకులు, మాదీ ఉద్యోగమే, మాకు కనీస వేతనం ఇవ్వాలని దావా వేశారు. మరుసటేడు అల్టిమా కౌన్సిలర్లు కూడా అదే బాట పట్టారు. అమెరికా ఆన్‌లైన్ దావా పదేళ్లకు పైగా నడిచి, 2010లో కోటీ యాభై లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. సేవ అనే పేరు పెట్టి పని చేయించుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు గనక దీని మీద నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు.

గేమ్ మాస్టర్ అధికారం ఎంత దూరం వెళ్లాలి అన్నదానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఎవర్‌క్వెస్ట్‌లోనే ఉంది. ఆ ఆటలో కెరాఫిర్మ్ అనే డ్రాగన్ ఉంది. సమాధిలో నిద్రపోతుంటుంది. చుట్టూ నలుగురు కాపలాదార్లు. ఆ నలుగురూ చస్తే డ్రాగన్ లేస్తుంది, కనబడ్డవాళ్లందర్నీ చంపుకుంటూ పోతుంది. ఒక సర్వర్‌లో, అంటే ఆ లోకపు ఒక్కో నకలులో, ఇది ఒక్కసారే జరుగుతుంది. దాన్ని చంపవచ్చని ఆట తయారుచేసినవాళ్లు అనుకోలేదు. ప్రాణం కోట్లలో పెట్టారు. మిగతా సర్వర్లలో అది లేచి, ఊచకోత కోసి, మాయమైంది.

2003 నవంబరులో ర్యాలోస్ జెక్ అనే సర్వర్‌లో, మామూలుగా ఒకరి పీక ఒకరు కోసుకునే మూడు ముఠాలు ఒక్కటయ్యాయి. సుమారు రెండు వందల మంది. వాళ్ల పథకం మొరటుది: చస్తూ ఉండటం, పూజారి పాత్రలు ఆపకుండా బతికిస్తూ ఉండటం, లేచినవాడు లేచినట్టే వెళ్లి మళ్లీ కొట్టడం. గంటల తరబడి అదే పని. డ్రాగన్ ప్రాణం నూటికి తొంభై, ఎనభై, యాభై... పావు వంతుకు దగ్గరపడింది. ఇక నిజంగానే చస్తుంది అనుకునే వేళకు డ్రాగన్ మాయమైపోయింది. కంపెనీవాళ్లు తీసేశారు. ఏదో లోపం జరుగుతోందని అనుమానపడ్డారట.

ఆటగాళ్ల కోపం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది ఆట గెలవనివ్వలేదన్న కోపం మాత్రమే అయితే నేను ఇంతసేపు చెప్పను. నిబంధనల్లో ఎక్కడా తప్పు లేకుండా, మీరు పెట్టిన లోకంలో మీరు పెట్టిన షరతుల మీద మేం పోరాడుతుంటే, మీరు లోపలికి చెయ్యి పెట్టి ఫలితం మార్చారు. అదీ వాళ్ల అభియోగం. కంపెనీ చేసిన మంచి పనేమిటంటే, ఆ అభియోగాన్ని ఒప్పుకుంది. క్షమాపణ చెప్పింది. డ్రాగన్‌ను మళ్లీ సమాధిలో పడుకోబెట్టింది. రెండు రోజుల తర్వాత, నవంబరు 17న, ఆ రెండు వందల మంది మళ్లీ వచ్చారు. మూడు గంటలకు దగ్గరగా పోరాడి చంపారు. డ్రాగన్ శవం మీద ఏమీ దొరకలేదు. చావదనుకున్నదాని ఒంటి మీద సొమ్ములు ఎవరు పెడతారు? అయినా ఎవరూ బాధపడ్డట్టు లేదు.

అధికారం ఉన్నచోట అవినీతి కూడా ఉంటుంది. ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్ నుంచి ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆట 2003 నుంచి నడుస్తోంది. అంతరిక్షంలో నౌకలు, వ్యాపారం, యుద్ధాలు. కంపెనీలో పనిచేసే ఒకాయన, తాను రహస్యంగా ఆడుతున్న ముఠాకు ఎంతో అరుదైన నమూనా పత్రాలు కట్టబెట్టాడని 2007లో బయటపడింది. ముందు కంపెనీ నీళ్లు నమిలింది. గొడవ ముదిరాక, సొంత ఉద్యోగుల మీద నిఘాకు ఒక విభాగం పెట్టింది. 2008లో ఇంకో అడుగు వేసి, ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే సలహా మండలిని ఏర్పాటు చేసింది. ఎన్నికైనవాళ్లను రెక్యావిక్‌కు పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది. మండలికి చట్టాలు చేసే అధికారం లేదు గానీ, అడిగే అధికారం ఉంది. గేమ్ మాస్టర్ మీద కూడా ఒక కన్ను ఉండాలని ఒప్పుకున్న కంపెనీలు చాలా తక్కువ. ఈ విషయంలో ఆ చిన్న ద్వీపానికి నేను మార్కులు వేస్తాను.

అన్నీ కుట్రలే అనుకోవద్దు, ఉత్త పొరపాట్లూ ఉంటాయి. 2009లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక ఆటగాడి అకౌంటు దొంగల పాలైంది. పోయిన సామాను గేమ్ మాస్టర్ తిరిగి పంపించారు. ఆ మూటలో పొరపాటున మార్టిన్ ఫ్యూరీ అనే చొక్కా ఒకటి వచ్చింది. అది కంపెనీ సిబ్బంది పరీక్షల కోసం ఉంచుకున్నది. వేసుకుని వాడితే చుట్టుపక్కల శత్రువులంతా ఒక్క దెబ్బకు చస్తారు. ఆ ఆటగాడు ఏం చేసి ఉంటాడో మీరే చెప్పండి. మిత్రులతో కలిసి పెద్ద పెద్ద రాక్షసులను వరసపెట్టి పడగొట్టాడు. కొద్దిరోజుల్లోనే దొరికిపోయాడు, అకౌంటు పోయింది. చొక్కా పంపినవాడికి ఏమైందన్నది ఎవరూ అడిగినట్టు లేదు.

అదే ఆటలో 2005 సెప్టెంబరులో, ఒక్కచోట మాత్రమే ఉండాల్సిన శాపం పెంపుడు జంతువుల ద్వారా నగరాల్లోకి పాకింది. జ్వరంలా ఒకరి నుంచి ఒకరికి అంటుకుని వీధులన్నీ ఎముకల గుట్టలయ్యాయి. రోగులను వేరుగా ఉంచుదామని గేమ్ మాస్టర్లు ప్రయత్నించారు. జనం మాట వినలేదు. కొందరు కావాలనే జనంలోకి వెళ్లి అంటించారు. చివరికి కంపెనీ ప్రోగ్రామును సవరించి, సర్వర్లను ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. దీని మీద అంటువ్యాధుల శాస్త్రవేత్తలు 2007లో ఒక వైద్యపత్రికలో వ్యాసం రాశారు. 2020లో కరోనా వచ్చాక ఆ వ్యాసం మళ్లీ అందరికీ గుర్తొచ్చింది.

ఇప్పటి పరిస్థితి వేరు. ఎర్ర అంగీలు, నీలం అంగీలు దాదాపు కనబడటం లేదు. ఫిర్యాదు చేస్తే నంబరు వస్తుంది, తర్వాత ముందే రాసిపెట్టిన జవాబు వస్తుంది. చాలామంది కలిసి ఒకణ్ని రిపోర్ట్ చేస్తే, వాడి తప్పుందో లేదో చూడకుండా యంత్రమే నోరు మూయించే పద్ధతులు వచ్చాయి. పగబట్టిన ముఠాలకు అది ఆయుధమైంది. కంపెనీల లెక్క మనకు అర్థంకానిదేమీ కాదు. కోటిమందికి వెయ్యిమంది మనుషుల్ని పెట్టి జీతాలివ్వడం కన్నా ప్రోగ్రాము చవక. మోసపు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లను, డబ్బు కోసం రాత్రింబగళ్లు నడిచే బాట్లను పట్టుకోవడంలో యంత్రం మనిషి కన్నా చురుకైనది కూడా, దాన్ని కాదనను. కానీ రెండు ముఠాల మధ్య వంతు వేయడం, నేల కింద ఇరుక్కున్న శవం గురించి అర్ధరాత్రి ఓపిగ్గా వినడం, డ్రాగన్ విషయంలో తప్పు మాదే అని చెప్పడం దాని వల్ల కాదు. నెలనెలా చందా పుచ్చుకునే ప్రతి కంపెనీ, మాట్లాడితే పలికే మనిషిని ఆ లోకంలో ఉంచి తీరాలి. అది ఉపకారం కింద లెక్క వేసుకోవాల్సిన పని కాదు, అమ్మిన సరుకులో భాగం.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. గేమ్ మాస్టర్లు కనబడటం మానేశాక, వాళ్ల పేరుతో దొంగలు తిరగడం పెరిగింది. పేరుకు ముందు జీఎం అని తగిలించుకుని, నేను కంపెనీ మనిషిని, మీ అకౌంటు మీద ఫిర్యాదు వచ్చింది, పరిశీలించాలి, పాస్‌వర్డ్ చెప్పండి అంటారు. ఉచితంగా కత్తులిస్తాం, డైమండ్లిస్తాం, ఈ లింకు నొక్కండి అంటారు. పన్నెండేళ్ల పిల్లవాడు అధికారి అనుకుని భయపడి చెప్పేస్తాడు. ఆ అకౌంటుకు నాన్న కార్డో అమ్మ ఫోన్ నంబరో తగిలించి ఉంటే నష్టం ఆటతో ఆగదు. మీ పిల్లలకు ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పండి: నిజమైన గేమ్ మాస్టర్‌కు మీ పాస్‌వర్డ్‌తో పని లేదు, ఓటీపీతో అసలే లేదు. అవి అడిగాడంటే వాడు దొంగే. పొరపాటున చెప్పేసి డబ్బు పోగొట్టుకుంటే, పిల్లల్ని కొట్టడం తర్వాత, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.